శ్లాబు మీద మళ్లు

మడి గట్టు తెగిన చోట తడి సిమెంటు పెట్టి బొటనవేలితో అదుముతున్నాడు జ్ఞానయ్య. గరికపాడు దగ్గర హైవే కోసం కడుతున్న అండర్‌పాస్ శ్లాబు మీద అలాంటి మళ్లు పన్నెండున్నాయి. శ్లాబు గట్టిపడాలంటే పద్నాలుగు రోజులు వాటిలో నీళ్లు ఆరకూడదు. నలభై ఏళ్లు ఊళ్లోవాళ్ల మళ్లకు నీళ్లు కట్టినవాడు, తనకంటూ సెంటు భూమి లేనివాడు. ఈ పన్నెండూ తనవేనన్నట్టు మురిసిపోయేవాడు, పిచ్చి మనిషి. రోజూ పని దిగేముందు పిట్టగోడ మీద ఇటుక ముక్కతో ఒక గీత గీసేవాడు. నిన్నటికి తొమ్మిదయ్యాయి.

రోడ్డుకి అవతల మిరప కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతుంది భార్య సౌభాగ్యమ్మ. మోకాళ్ల నొప్పులతో పొద్దునా సాయంత్రం లారీల మధ్యే దాటుతుంది. కిందటేడు ఒక లారీ ఆమె చేతిలోని క్యారేజీని ఎగరగొట్టుకుపోయింది. ఆనాటి నుంచీ ఆమెను ఇంట్లో చూసేదాకా జ్ఞానయ్యకు ముద్ద దిగదు. అతనికి కావలసిందల్లా రోడ్డు కింద నుంచి పోయే ఈ దారి తెరవడమే.

పదకొండింటికి ఇంజనీరు సతీష్‌బాబు ఫోన్ పట్టుకుని పైకొచ్చాడు. కుర్రాడు చెడ్డవాడు కాదు గానీ, పైవాళ్ల తొందర అతని నెత్తి మీద ఉంది.

"పెద్దాయనా, ఇది చూడు. చైనాలో రెండ్రోజుల్లో బ్రిడ్జి లేపేశారు. మనమేమో రోజూ నీళ్లు పోసుకుంటూ కూర్చున్నాం. రేపు శ్లాబు కింది సపోర్టులు తీసేస్తా."

జ్ఞానయ్య కళ్లు చికిలించి చూశాడు.

"వాళ్ల సిమెంటుకి దాహం వెయ్యదా అండీ?"

"ముక్కలు ముందే పోసుకుని, తెచ్చి అతికిస్తారు."

"అయితే ఆ ముక్కలకి ఎవరో నీళ్లు పోసే ఉంటాడుగా. ఆయన దీంట్లో కనపళ్లేదు, అంతే." నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఇంకో నాలుగ్రోజులు ఆగండి బాబూ. దీని కింద మా ఇంటిది నడవాలి" అన్నాడు.

నోట్లో నాలుక లేని మనిషి అంత మాట అనడం అదే మొదలు. సతీష్‌బాబు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "సరేలే, ఆగుతా."

మధ్యాహ్నం ఎండ మాడు పగలగొడుతుంటే నీళ్ల మోటారు ఆగిపోయింది. జ్ఞానయ్య బకెట్లతో మోశాడు. పన్నెండో మడి నిండాక అందులోనే కాళ్లు పెట్టుకుని, కండువా ముఖం మీద కప్పుకుని పిట్టగోడకు చేరగిలబడ్డాడు. టీ వేళకి సతీష్‌బాబు పిలిస్తే పలకలేదు. వడదెబ్బకు ప్రాణం పోయింది. అన్ని నీళ్లు మోసినవాడు తన గొంతు తడుపుకోవడం మరిచాడు.

కబురు విన్న సౌభాగ్యమ్మ కల్లం నుంచి పరుగెత్తుకొచ్చి రోడ్డు అంచున ఆగిపోయింది. లారీలు ఆగలేదు. "ఆపండయ్యా, ఒక్కసారి ఆపండి" అని ఆమె చేతులెత్తి ఏడుస్తుంటే చూసినవాళ్ల గుండె తరుక్కుపోయింది. చివరికి సతీష్‌బాబే ఎర్రజెండా పట్టుకుని రోడ్డు మధ్యకు పరుగెత్తాడు.

మనిషిని తీసుకుపోయాక, పొద్దు వాలుతుండగా సతీష్‌బాబొక్కడే శ్లాబెక్కి మళ్లన్నీ మళ్లీ నింపాడు. పదో గీత గీద్దామని ఇటుక ముక్క తీశాడు. చెయ్యి రాలేదు. ఎక్కడ తీశాడో అక్కడే పెట్టి దిగిపోయాడు.

తొమ్మిదో గీత పక్కన, ఒక అంచే అరిగిన ఆ ముక్క అలాగే ఉంది.