గుడ్ల తారీఖు

తెల్లారేసరికి మబ్బు పట్టి ఉంది. వాన పడేదీ లేదు, విడిచేదీ లేదు. గాలాడని ఇలాంటి పూటే పొదిగే మిషనులో వేడి మాట వినదు.

హేచరీ యజమాని మిషను తలుపు సందులో థర్మామీటరు పెట్టి చూస్తున్నాడు. పాత సెన్సర్ పోయింది. కొత్తది బిగించారు గాని, అప్‌డేట్ ఎక్కితే తప్ప కంప్యూటర్‌కి దాని మాట అర్థం కాదు. అప్‌డేట్ ఎక్కడం లేదు. లోపల నిండుగా గుడ్లు. ఇలాగే సాగితే పిల్లలు పెంకులోనే ఉడికిపోతాయి.

కంప్యూటర్ ముందు బావమరిది. పెన్‌డ్రైవ్ తీస్తాడు, పెడతాడు.

"ఏమంటోంది?"

"నమ్మనంటోంది బావా. అప్‌డేట్ మీద కంపెనీ సంతకం చెల్లదంట. భద్రత కోసం ఆపేసిందంట."

"దానికీ నమ్మకం లేదన్నమాట."

బావమరిది పెన్‌డ్రైవ్ మళ్లీ తీసి పెట్టాడు.

నిన్న వంతెన అవతలి హేచరీ ఆయన బండి వెనక ఇతను కూర్చుని పోవడం యజమాని కంట పడింది. అడగలేదు. ఇవాళ పొద్దున్నే మేకునున్న హేచరీ తాళాల గుత్తి తీసి జేబులో వేసుకున్నాడు. బావమరిది ఖాళీ మేకు చూశాడు.

"ఈ కంప్యూటర్ పాస్‌వర్డ్ నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడగలేదు."

"మీ అక్కకి చెప్పావుగా."

"అక్క అడిగింది."

"అవతలాయన కూడా అడిగాడా?"

"ఆయన మిషను ఆగిపోతే చూడమన్నాడు. చూశాను."

"అది తెరిచొచ్చి, మనదానికి తాళం వేశావు."

బావమరిది లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

యజమాని భార్య ట్రేలు మోసుకొచ్చింది. "ఇంకా మాటలేనా? పద్దెనిమిది వచ్చింది. గుడ్లు కింది అరలోకి దించాలి."

ఆ గదిలో తారీఖంటే గుడ్ల వయసు. గుడ్లు పెట్టిన రోజున ఆమె కంప్యూటర్‌ని ఒకటో తారీఖుకి తిప్పుతుంది. ఇరవై ఒకటిన పిల్లలు. మళ్లీ గుడ్లు, మళ్లీ ఒకటి. పాస్‌వర్డ్ అడిగి పెట్టుకున్నది అందుకే. తెర మూలనున్న ఆ అంకెను అసలు తారీఖని అక్కడెవరూ అనుకోరు.

బావమరిది ఆ మూలకే చూస్తున్నాడు.

"అక్కా, తారీఖు తిప్పుతావు సరే. నెల?"

"నెలతో నాకేం పని?"

"సంవత్సరం?"

ఆమె ట్రే కింద పెట్టింది.

"బావా, దీని లెక్కలో మనం ఇంకా మూడేళ్ల వెనకే ఉన్నాం. కంపెనీ సంతకం పెట్టింది మొన్న. రాని రోజున పెట్టిన సంతకాన్ని ఇది ఎలా నమ్ముతుంది?"

అసలు తారీఖు పెట్టాడు. అప్‌డేట్ ఎక్కింది. తెర మీద వేడి అంకె వచ్చింది, ఫ్యాను దానంతటదే తిరిగింది. యజమాని థర్మామీటరు పెట్టి సరిచూశాడు. ఇంకోసారి చూశాడు. రెండూ ఒకటే.

"మరి నా గుడ్ల వయసు నాకెలా తెలిసేది?" అంది ఆమె.

యజమాని సుద్దముక్కతో మిషను తలుపు మీద 18 వేశాడు. బావమరిది సుద్ద అందుకుని, దాని కిందే పాస్‌వర్డ్ పెద్ద అక్షరాలతో రాశాడు.

"ఇక ఎవరూ అడగక్కర్లేదు."

గుడ్లన్నీ దించేసరికి మధ్యాహ్నం దాటింది. ముగ్గురూ చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నారు. యజమాని కూర్చుంటుంటే జేబులో తాళాలు చప్పుడు చేశాయి. తీసి బావమరిది కంచం పక్కన పెట్టాడు. అతను వాటి వంక చూడలేదు. ఆమె ముందు తమ్ముడికి వడ్డించింది.

తిని లేచేసరికీ తాళాలు పెట్టినచోటే ఉన్నాయి.