శనివారం తేని ఇనుము

శనివారం ఇనుము ఇంటికి తేకూడదన్న మాట సముద్రం అవతల కూడా చెల్లుతుందా అన్న అనుమానం అంతయ్యను ఏళ్ల తరబడి వదల్లేదు. దుబాయిలో అర్బాబు అని పిలిచే యజమాని దగ్గర డ్రైవరుగా ఉన్నన్నాళ్లూ శుక్రవారం సెలవు. బండి సామాను కొనడమంటే శనివారమే. మొదట్లో దుకాణం గడప దగ్గరే ఆగిపోయేవాడు. "శనిదేవునికి వీసా దొరకదన్నా, ఫికర్ చెయ్యకు" అని గదిలోవాళ్లు నవ్వేవారు. తనూ నవ్వి ఊరుకునేవాడు. అయితే ఒక శనివారం బ్రేకు డ్రమ్ములు కొనుక్కొచ్చిన రాత్రే, మెట్‌పల్లిలో బాపు పోయాడని ఫోను వచ్చింది. పాస్‌పోర్టు అర్బాబు దగ్గర ఉంది, అర్బాబు ఊళ్లో లేడు. అంతయ్య రాలేకపోయాడు. దానికీ దీనికీ సంబంధం లేదని బుద్ధి చెప్పేది. ఏమో, ఉందేమోనని మనసు అనేది. ఇంటికి తిరిగి వచ్చాక మాత్రం శనివారం ఒక్కపొద్దు ఉండడం మానలేదు, ఆ రోజు చిన్న మేకు కూడా కొనలేదు.

ఆ రోజు బాపుకు కొడుకై నిలిచింది పక్కింటి బాలమల్లు. ఇద్దరివీ పద్మశాలి కుటుంబాలే, ఒక్క గోడకు అటూ ఇటూ ఇళ్లు. బాలమల్లు రెండేళ్లు పెద్ద. పాడె ముందు నడిచాడు, నిప్పు పట్టాడు. దింపుడు కల్లం దగ్గర పాడెను కిందికి దించి, పోయిన మనిషిని చెవిలో పిలవాల్సి వచ్చినప్పుడు, కొడుకు ఏడని ఎవరో అడిగారట. బాలమల్లు వంగి, "బాపూ, నేను అంతయ్యను" అన్నాడట. ఈ సంగతి అంతయ్యకు భార్య దేవవ్వ చెప్పింది. బాలమల్లు ఎన్నడూ ఎత్తలేదు. అంతయ్య కూడా ఎత్తలేదు. ఒక మనిషి ఇంకో మనిషి గొంతై పలికిన బాకీ ఏమిచ్చి తీర్చాలి?

ఇప్పుడు బాలమల్లు మంచం పట్టాడు. రోగం ఎముకల్లోకి పాకిందని, ఇక ఇంటి దగ్గరే ఉంచుకొమ్మని కరీంనగర్ డాక్టర్లు చెప్పారు. తిరిగి తీసుకొచ్చింది అంతయ్య కారులోనే. మూడు లక్షల కిలోమీటర్లు దాటిన బండి. గుంత వచ్చిన ప్రతిసారీ ముందు చక్రాల దగ్గర కట్‌కట్‌మని చప్పుడు, ఆ వెంటనే కుదుపు. బాలమల్లు అరవలేదు. తువ్వాలు నోట్లో కుక్కుకుని పళ్లతో పట్టుకున్నాడు. అంతయ్య అది అద్దంలో చూశాడు.

ఇంటికి వచ్చాక బాలమల్లు ఒక్కటే అడిగాడు. "తమ్మీ, లక్సెట్టిపేటల మా పోశవ్వక్కను ఒక్కసారి చూపెడ్తవా? ఆమె మంచంల, నేను మంచంల. ఎవరు ముందు పోతరో తెల్వది."

"చూపెడ్త అన్నా. కానీ ఈ బండిల గిట్ల కాదు. ముంగటి సామాను మార్చినంక."

మెకానిక్ షెడ్డు వాళ్లు వారం తర్వాత రమ్మన్నారు. పానాలు తన దగ్గరే ఉన్నాయి, చేతికి పని తెలుసు. శుక్రవారం జగిత్యాలలో సంపత్ కారు సామాన్ల దుకాణం నుంచి ముందు చక్రాలను మోసే లోయర్ ఆర్ములు రెండు, లింకు రాడ్లు తెచ్చాడు. సాయంత్రం వాకిట్లో జాకీ పెట్టి బండిని లేపి, కింద కట్టె మొద్దులు ఆనించి, రెండు వైపులా విప్పేశాడు. పాత రబ్బరు బుష్‌లు నమిలి ఉమ్మేసిన తమలపాకులా చిరిగిపోయి ఉన్నాయి. ఇన్నాళ్లూ ఇనుము ఇనుమును కొట్టుకుంటోంది.

బాలమల్లు తన వాకిట్లో మంచాన్ని నడుమ పొట్టి గోడ పక్కకు జరిపించుకుని చూస్తున్నాడు. "ఏం తమ్మీ, నీ కారుకు, నాకు ఒక్కటే రోగమా?"

"ఒక్కటే అన్నా."

"దానికి కొత్త బొక్కలు, కీళ్లు దొరికినయి. నాకు దొరకలే. ఆ సంపతుగాన్ని జర అడుగకపోయినవా?"

"అడిగిన. నీ మోడలు బందైందట."

బాలమల్లు నవ్వబోయి, నొప్పికి ఆగిపోయాడు.

శనివారం పొద్దున కొత్త ఆర్ములు డబ్బాల్లోంచి తీస్తే రెండూ ఎడమ వైపువే. అంతయ్య రెండింటినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. చూస్తే మారుతాయా. సంపత్‌కు ఫోను చేశాడు.

"మామా, తప్పు నాదే. కుడిది పన్నెండు గంటల బస్సుల పెట్టిస్త. బస్టాండుల తీసుకో."

అంతయ్య చేతిలోని ఆర్మును డబ్బాలో పెట్టేశాడు. "ఇయ్యాల ఏం వారం?"

"శనివారం."

"మరి."

"అట్లనా మామా. రేపు మొదటి బస్సుకే పంపిస్త."

దేవవ్వ తులసికోట దగ్గర నీళ్లు పోస్తూ విన్నది. "మంచిగ చెప్పినవ్. శనివారం ఇనుము తెచ్చి గా బండికే ఎక్కిస్తవా? అందుల పండుకునేది మంచిగున్న మనిషా?"

అంతయ్య గోడ అవతలికి వెళ్లి బాలమల్లుకు చెప్పాడు. "ఒక్కరోజే కద తమ్మీ. రేపే పోదాం" అన్నాడు బాలమల్లు. సాయంత్రం అక్కకు ఫోను కలిపించుకున్నాడు. పోశవ్వ గొంతు అంతయ్యకూ వినపడింది. "ఎప్పుడొస్తవ్ రా? నాకు కండ్లు సరిగ కనవడ్తలేవు. నువ్వు మాట్లాడితెనే గుర్తువడ్త."

"రేపొస్త అక్కా."

ఆదివారం తెల్లవారుతుండగా, అమ్మ పోయిందని పోశవ్వ కొడుకు రాకేశ్ ఫోను చేశాడు. ఇంకో గంటకు బస్సులో కుడి ఆర్ము వచ్చింది.

అంతయ్య దాన్ని చేతిలో పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. నిన్న తెచ్చి ఉంటే నిన్న సాయంత్రానికి బండి నడిచేది. రాత్రి అన్నం వేళకు అక్కాతమ్ముళ్లు ఒక మంచం మీద ఉండేవాళ్లు. దేవుడు ఇట్లా చెప్పాడా? చెప్పింది దేవుడా, తన భయమా? దేవుడి గూటి వైపు చూశాడు. కోపంగా కాదు, తెలుసుకుందామని చూసినట్టు చూశాడు. దీపం మామూలుగానే వెలుగుతోంది.

"రాకేశ్ పన్నెండు గంటల దాకనే ఆగుతడట" అన్నది దేవవ్వ మెల్లగా.

అంతయ్య బండి కింద దూరాడు. ఆర్ములు రెండూ ఎక్కించాడు, బాల్ జాయింట్లు సుత్తెతో కూర్చోబెట్టాడు. బుష్ బోల్టులు మాత్రం వదులుగానే ఉంచి, జాకీ దించాడు. చక్రం గాలిలో ఉండగా బిగిస్తే, బరువు పడగానే రబ్బరు మెలిపడి కొన్నాళ్లకే చిరుగుతుంది. చక్రం నేలమీద ఆనాకే, లోపల మనిషి కూర్చున్నాకే బిగించాలి.

"వచ్చి ఎనుక సీట్ల కూసో."

"ఎందుకు?"

"బరువు గావాలె."

"ఇన్నేండ్లకు నా బరువు పనికొచ్చింది" అంది దేవవ్వ. అని, మళ్లీ తనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సీట్లో కూర్చుని ఏడ్చింది. అంతయ్య కింద పడుకుని, ఆమె బరువు కింద ఒక్కొక్క బోల్టూ బిగించాడు.

వెనక సీటు మీద పరుపు వేసి బాలమల్లును పడుకోబెట్టారు. జగిత్యాల దాటారు, ధర్మపురి దాటారు, రాయపట్నం వంతెన ఎక్కారు. గుంతలు ఎప్పటివే. బండి మాత్రం ఒక్కసారి కట్‌మనలేదు.

"చప్పుడు పోయింది గదరా" అన్నాడు బాలమల్లు.

"పోయింది అన్నా."

వంతెన దిగాక అంతయ్య అద్దంలో వెనక్కి చూశాడు.

"నిన్న తేకుంట నేనే తప్పు జేసిన" అన్నాడు అంతయ్య.

"రేపు పోదామన్నది నేనే గద. నువ్వే చేసినవని ఎందుకు వట్టుకుంటున్నవ్. సగం నాకియ్యి."

లక్సెట్టిపేటలో వాళ్లు చేరేసరికే పాడె లేచింది. ఎండ ముదురుతోందని, రాకేశ్ ఆగలేకపోయాడు. బాలమల్లు మెడలోని కండువా పోశవ్వ మీద వేయడానికి దారిలో పాడెను ఒక్క నిమిషం కారు కిటికీ దగ్గరికి తెచ్చారు. ఆయన చెయ్యి ఆమె పాదాల దాకానే అందింది. అంతలోనే పాడె గోదావరి వైపు సన్నని బాటలోకి తిరిగింది. ఆ బాటలో కారు పట్టదు.

దూరంగా తుమ్మచెట్ల దగ్గర పాడెను దించడం కిటికీలోంచి కనపడుతోంది. రాకేశ్ వంగి పిలిచాడు. పుట్టింటి తరఫున ఎవరన్నా పిలవండని పెద్దమనిషి ఒకాయన ఇటు తిరిగి కేకేశాడు.

బాలమల్లు లేవబోయాడు. మోచేయి ఆనించి, అక్కడే ఆగిపోయాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"తమ్మీ..."

మిగతా మాట అనేదాకా అంతయ్య ఆగలేదు. చెప్పులు కారు దగ్గరే విడిచి, కాలే ఇసుకలో వేగంగా నడిచాడు. జనం దారి ఇచ్చారు. మోకాళ్ల మీద కూర్చున్నాడు. గోళ్ల సందుల్లో ఇంకా గ్రీజు నల్లగా ఉంది. చేతులు వెనక పెట్టుకుని, పోశవ్వ చెవి దాకా వంగాడు.

"అక్కా" అన్నాడు. "నేను బాలమల్లును. వచ్చిన."