నీలం పెట్రోలు

మనవరాలు టెస్సా రక్తంలో సీసం ఉందని పట్నం ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసినప్పుడు ఆల్బీ నవ్వేశాడు. చుట్టూ ఎటు చూసినా ఎర్రమట్టి, ముళ్ళపొదలు, ఆవులు తప్ప ఏమీ లేని చోట మూడేళ్ళ పిల్లకి సీసం ఎలా వస్తుంది? "ఆకాశం నుంచి రాలిందా?" అన్నాడు కూతురు కెరిన్‌తో. ఆ మాట అన్నందుకు తర్వాత ఎన్నిసార్లు నాలుక కరుచుకున్నాడో ఆయనకే తెలియాలి.

కెరిన్ నవ్వలేదు. పిల్లకి మాటలు సరిగా రావడంలేదని పట్టుబట్టి ఆ పరీక్ష చేయించింది తనే. మూడేళ్ళు నిండినా టెస్సాకి వచ్చినవి గట్టిగా పది మాటలు లేవు. అమ్మ, తాత, కోడి, గుడ్డు, అంతే. "నేనూ ఆలస్యంగానే మాట్లాడానట. మాట్లాడ్డం మొదలెట్టాక ఎవరూ ఆపలేకపోయారట" అని ఆల్బీ కొట్టిపారేసేవాడు. ఆ రెండో సంగతి మాత్రం నూటికి నూరుపాళ్ళూ నిజం.

ఆరోగ్యశాఖ నుంచి ఒకావిడ జీపులో వచ్చింది. గోడల రంగు గీకింది. వాననీళ్ళ ట్యాంకులోంచి నీళ్ళు పట్టింది. పిల్ల బొమ్మలు, మంచం, వంటింటి గిన్నెలు ఏదీ వదల్లేదు. వెళ్తూ వెళ్తూ కోళ్ళ దొడ్డిలో మట్టి కాస్త, గూట్లో ఉన్న గుడ్లు కాసిని పట్టుకెళ్ళింది. చివరికి దొరికింది ఆ గుడ్లలోనే.

ఆ ఇంట్లో విమానం షెడ్డూ కోళ్ళ దొడ్డీ పక్కపక్కనే. కంచె ఒకటే అడ్డం. అంత పెద్ద పశువుల ఫారంలో బోర్లన్నీ తిరిగి చూడాలంటే బండి మీద తెమలదు కనక, ఆ నాలుగు సీట్ల పాత విమానం ఆ ఇంటికి ఎప్పటినుంచో ఉంది. ఎగరబోయే ముందు ఏ పైలట్ అయినా రెక్కల్లోని ట్యాంకుల కిందినుంచి గ్లాసులోకి కాస్త పెట్రోలు వంచి, వెలుతురుకి ఎత్తి చూస్తాడు. అడుగున నీళ్ళుంటే తెలుస్తుంది, నలకలుంటే తెలుస్తుంది. విమానం పెట్రోలుకి లేత నీలం రంగు కలుపుతారు, ఆ నీలం నీలంగా ఉందో లేదో కూడా చూస్తాడు. చూశాక ఆ గ్లాసుడు పెట్రోలూ పక్కకి విసిరేస్తాడు. ఆల్బీ నాన్న అదే చేశాడు, అన్న హెడ్లీ అదే చేశాడు, ఆల్బీ జీవితమంతా అదే చేశాడు, కోళ్ళ దొడ్డి వైపే. ఆ కొంచెం పెట్రోలుని ఎవరు దాచుకుంటారు? నేల తాగేస్తుంది, ఎండ లాగేస్తుంది. కానీ ఎండ లాగేసేది పెట్రోలునే. ఇంజిన్ కోసం అందులో కలిపే సీసం ఎక్కడికీ పోదు. ఆ మట్టిలోనే ఉండిపోతుంది. ఆ మట్టిని రోజూ కోళ్ళు గీరుకుని తిన్నాయి. ఆ కోళ్ళ గుడ్డు రోజూ పొద్దున్నే మెత్తగా ఉడకబెట్టి, రొట్టె ముక్కలు పొడుగ్గా కోసి, పచ్చసొనలో ముంచి టెస్సా నోట్లో పెట్టింది మరెవరో కాదు, ఆల్బీనే.

అందరికన్నా ముందు ఆ సంగతి అర్థమైంది ఆయనకే. అందుకే ఒప్పుకోలేదు. పాత బ్యాటరీలు అన్నాడు, ఎప్పుడో కాలబెట్టిన తలుపు చెక్కలు అన్నాడు, పట్నం లాబొరేటరీ వాళ్ళకి చేతకాదన్నాడు. ఇల్లెగిరిపోయేలా అరిచాడు. అంతలా అరుస్తున్నాడంటేనే లోపల ఏమవుతోందో కెరిన్ కనిపెట్టేసింది. పాపం అని ఊరుకుంది కూడా.

కోళ్ళన్నిటినీ చంపి పాతిపెట్టారు. దొడ్డి మట్టి తవ్వి డ్రమ్ముల్లో నింపి పంపించేశారు. ఇప్పుడు విమానం నడిపేది తనే కనక, ఆ తర్వాత కెరిన్ ఒక మాట చెప్పింది. ఇకమీదట విమానంలో పోసేది కారు పెట్రోలే. అందులో సీసం ఉండదు.

"కారు పెట్రోలు కార్లకే" అన్నాడు ఆల్బీ.

"ఈ ఇంజిన్‌కి పనికొస్తుందని మెకానిక్ కాయితం ఇచ్చాడు నాన్నా. ట్యాంకు మూత పక్కన స్టిక్కరు కూడా అంటించి వెళ్ళాడు."

"స్టిక్కరు అంటిస్తే ఇంజిన్ చదువుకుంటుందా?"

"నువ్వు చదువుకో, చాలు."

"మీ పెదనాన్న కూడా నీలాగే..."

"మొదలెట్టావా."

మొదలెట్టక ఏం చేస్తాడు? హెడ్లీ చలికాలంలో కొన్న కారు పెట్రోలు డ్రమ్ములో మిగిలుంటే, ఎండలు ముదిరాక అదే తన విమానంలో పోసుకున్నాడు. చలిలో బండ్లు తొందరగా అందుకోవాలని ఆ కాలపు పెట్రోలు ఇట్టే ఆవిరయ్యేలా తయారుచేస్తారు. హెడ్లీ ఓ బోరు దగ్గర దిగి, పని చూసుకుని, కాలిపోతున్న ఇంజిన్‌తోనే మళ్ళీ లేచాడు. చెట్ల ఎత్తు దాటగానే గొట్టంలో పెట్రోలు మరిగి ఆవిరైపోయింది, ఇంజిన్ ఆగిపోయింది. అన్నని ఆ తుక్కులోంచి బయటికి లాగింది ఆల్బీయే.

"ఆయన విమానానికి రెక్కలు కింద. పెట్రోలుని పంపు పైకి పీల్చుకోవాలి" అంది కెరిన్, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "దీనికి రెక్కలు పైన. పెట్రోలు దానంతటదే దిగొస్తుంది. అంత తేలిగ్గా ఆవిరి పట్టదు."

"అంత తేలిగ్గా పట్టదు. అంటే పడుతుంది."

"మరి నన్నేం చెయ్యమంటావు? ఆ సీసం మళ్ళీ తెచ్చి ఇంటి పక్కన పెట్టుకోమంటావా?"

ఆల్బీ ఊరుకుంటాడా? పంతం పట్టి భోజనం మానేశాడు. సాయంత్రానికి ఆకలేసి తనే వచ్చి తిన్నాడు.

జూలైలో, అంటే అక్కడ నడి చలికాలంలో, పట్నం వెళ్ళి కెరిన్ ఓ లోడు కారు పెట్రోలు డ్రమ్ములు తెచ్చుకుంది. చౌక పెట్రోలులో స్పిరిట్ కలుపుతారు, అది విమానం గొట్టాలని తినేస్తుంది. అందుకని డ్రమ్ము డ్రమ్ముకీ పరీక్ష పెట్టింది. సీసాకి గీత గీసి, గీత దాకా నీళ్ళు పోసి, పైన పెట్రోలు పోసి బాగా కుదిపేది. స్పిరిట్ ఉంటే నీళ్ళలోకి దిగిపోయి, నీళ్ళు గీత దాటి పెరిగినట్టు కనిపిస్తాయి. ఒక్క డ్రమ్ములోనూ పెరగలేదు.

"అందులో స్పిరిట్ లేదంటావు, సరే" అన్నాడు పక్కన నిలబడ్డ ఆల్బీ. "ఎప్పటి పెట్రోలో చెబుతుందా నీ సీసా? ఇది చలికాలం సరుకు. ఎండల్లోపు అయిపోగొట్టు."

"అయిపోతుందిలే నాన్నా."

అయిపోలేదు. వానలు పడక బోర్ల తిరుగుడు ఎక్కువైనా, డ్రమ్ములు అంతకంటే ఎక్కువ తెచ్చింది. లారీ నడిపే మొగుడు వారిక్ నెలకోసారి ఇంటికొచ్చేవాడు, వచ్చినా మామ, పెళ్ళాం కీచులాటలో తల దూర్చేవాడు కాదు. కెరిన్ రోజూ పొద్దున్నే ఎగిరేది. ఆ చప్పుడు చెవి దాటిపోయేదాకా ఆల్బీ వరండాలో నిలబడేవాడు, మళ్ళీ వినపడేదాకా టీ కూడా ముట్టేవాడు కాదు. సెప్టెంబరు వచ్చి రాగానే ఎండలు మండిపోవడం మొదలెట్టాయి. గుండె జబ్బని డాక్టర్లు ఆయన లైసెన్సు లాగేసుకున్నారు గానీ, లేకపోతే తనే ఎక్కి తిరిగేవాడు. పోతే నేను పోతాను, అది కాదు కదా అనుకునేవాడు.

షెడ్డు వెనక టార్పాలిన్ కింద నీలం పెట్రోలు డ్రమ్ము ఒకటి మిగిలిపోయింది. కెరిన్ వంటింట్లో ఉన్న సమయం చూసి ఆల్బీ నిచ్చెనెక్కి, రెక్కల్లోని ట్యాంకుల్లో దాన్ని కొంచెం కొంచెం కలపడం మొదలెట్టాడు. సగం నీలం కలిసినా ఆవిరి భయం తగ్గుతుందని ఆయన లెక్క. కూతురి ప్రాణం దొంగచాటుగా కాపాడుతున్నాననుకున్నాడు ఆ పిచ్చి తండ్రి. దిగి వచ్చి చేతులు చొక్కాకి తుడుచుకునేవాడు. టెస్సా పరిగెత్తుకొచ్చి చేతులు చాపితే భుజానికెత్తుకునేవాడు.

ఒకరోజు స్నానం చేయిస్తూ కెరిన్ పిల్ల జుట్టు వాసన చూసి ఆగిపోయింది. అది కారు పెట్రోలు వాసన కాదు. చిన్నప్పుడు తండ్రి చొక్కా ఎప్పుడూ వాసనేసేది సరిగ్గా అలాగే. పిల్లని తువ్వాలులో చుట్టి మంచం మీద కూర్చోబెట్టి, షెడ్డులోకి వెళ్ళి రెక్క కింద గ్లాసు పట్టింది. గ్లాసులో నీలం జీర కనిపించింది.

ఆల్బీని పిలవలేదు. ఆయనున్న చోటికే గ్లాసు పట్టుకొచ్చింది.

"నిన్ను కూడా పోగొట్టుకోలేనే కెరిన్" అన్నాడాయన, అడక్కముందే.

"నన్ను కాపాడ్డానికి దానికి విషం పూస్తావా?"

"నేను చూసుకునే..."

"ఏం చూసుకున్నావు? దాని జుట్టు వాసన చూడు పో." ఆమె గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "నా విమానం జోలికి రాకు. టెస్సాని ముట్టుకోకు. ఎత్తుకోవద్దు, తినిపించొద్దు. అర్థమైందా?"

డ్రమ్ము మర్నాడే పొరుగు ఫారం వాళ్ళకిచ్చి పంపేసింది. టెస్సా ఎప్పటిలాగే చేతులు చాచి వచ్చేది. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టేసుకుని నిలబడేవాడు. మొదట అది ఆటనుకుని పిల్ల ఆయన చుట్టూ తిరిగి చేతుల్ని వెతికేది. కొన్నాళ్ళకి వెతకడం మానేసింది. ఆ మానేసిన రోజున ఆల్బీ షెడ్డులోకి పోయి ఏడ్చాడు. డెబ్బై దాటిన మనిషి, అన్న పోయినప్పుడు కూడా నలుగురిలో కంట తడి పెట్టనివాడు.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం చివరి బోరు పంపు ఆగిందని తెలిసింది. తొట్టి ఎండిపోయింది, ఆవులు దాని చుట్టూ అరుస్తున్నాయి. కంచె వెంబడి బండిలో వెళ్తే నాలుగు గంటలు, గాల్లో అరగంట. కెరిన్ పంపు సామాను సీట్లో పడేసుకుంది.

"పొద్దున్నే వెళ్ళు, చల్లగా ఉన్నప్పుడు" అన్నాడు ఆల్బీ.

"పొద్దున్నకి ఎన్ని చస్తాయో తెలుసా?" అంది కెరిన్. వెళ్ళిపోయింది.

ఆల్బీ రేడియో సెట్టు ముందు కూర్చున్నాడు. దిగానని కెరిన్ చెప్పింది. పంపు బాగైందని, తొట్టిలో నీళ్ళు పడుతున్నాయని చెప్పింది. బయల్దేరుతున్నానంది. ఆ తర్వాత చాలాసేపు చడీచప్పుడూ లేదు. ఆల్బీ మైకు అందుకున్నాడు. పిలిచాడు, మళ్ళీ పిలిచాడు.

"నాన్నా." కెరిన్ గొంతు సన్నగా వచ్చింది. "నేలమీదే ఉన్నా. స్టార్టయింది, నాలుగడుగులు కదిలి దగ్గి ఆగిపోయింది. మళ్ళీ అందుకుంది, మళ్ళీ ఆగింది."

"ఇక ముట్టుకోకు. తాళం తీసి జేబులో వేసుకో."

"తీసేశా." రేడియో గరగరలాడింది. "ఇంకొక్క నిమిషం ఆగకుండా నడిచుంటే గాల్లో ఉండేదాన్ని నాన్నా. నువ్వు చెప్పిందే నిజం. మళ్ళీ ఆ నీలం డ్రమ్ములే తెప్పించుకుందాం. దూరంగా ఎక్కడైనా పెట్టుకుందాం. ఏమంటావు?"

ఈ మాట కోసమే కదా ఆల్బీ ఇన్ని నెలలు పోట్లాడింది. ఊ అంటే చాలు, కూతురు రోజూ క్షేమంగా ఇంటికొస్తుంది. తలుపులోంచి చూస్తే వరండా మెట్టు మీద టెస్సా గులకరాళ్ళు వరసగా పేర్చుకుంటోంది. ఆ పిల్లకి మాటలు వస్తాయో రావో, ఒంట్లోకి దిగిన సీసం ఎంత పోయి ఎంత ఉండిపోతుందో ఏ డాక్టరూ గట్టిగా చెప్పలేదు. ఆల్బీ ఆ పిల్లని చూస్తూనే మాట్లాడాడు.

"వద్దమ్మా."

"ఏంటీ?"

"వద్దన్నాను. ఆ చలికాలం సరుకు పారెయ్, ఎండాకాలం పెట్రోలు తెచ్చుకో. ఎండెక్కాక ఎగరకు. ఆవులు చస్తే చావనీ. ఆ నీలాన్ని మాత్రం మళ్ళీ తేవొద్దు." ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. "దూరం దూరం అంటావు. నా చేతులకి దూరం తెలియదే. ఆ మట్టంతా పాడుచేసింది నేనే కెరిన్. గుడ్డు తినిపించిందీ నేనే."

"తెలుసు నాన్నా."

"తెలుసని నాకూ తెలుసు. చెప్పలేదు, అంతే."

రేడియోలో ఆవుల అరుపులు వినిపిస్తున్నాయి.

"అక్కడే నీడలో ఉండు. పికప్ బండి తీసుకుని నేనొస్తున్నా. విమానం సంగతి పొద్దున్న చల్లబడ్డాక చూద్దాం."

"మరి టెస్సా?"

"తీసుకొస్తా. ఒక్కదాన్నే వదలను కదా." ఆల్బీ మెట్టు మీదున్న పిల్లకేసి చూశాడు. "పికప్ ఎత్తు. అదెక్కలేదు. ఎత్తుకుని కూర్చోబెట్టాలి మరి. ఎత్తుకోనా?"

కెరిన్ ఏడుస్తోందని గొంతులో తెలిసిపోతోంది.

"ఎత్తుకో నాన్నా."

ఆల్బీ చొక్కా మార్చుకున్నాడు. మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కుని, చాలదనిపించి మళ్ళీ కడుక్కున్నాడు. నీళ్ళ డబ్బా, దుప్పట్లు పికప్‌లో వేసి వరండాలోకి వచ్చి, పిల్ల ముందు వంగి చేతులు చాపాడు. తాత అలా రావడం చూసి టెస్సా లేచి నిలబడి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.