గంజి మీద నిలిచిన సిద్ధాంతం

లక్ష్మీనర్సయ్య ఎనిమిదేళ్లుగా సైబీరియా తిండి చరిత్ర మీద పరిశోధన చేస్తున్నాడు. మంచు అంటారా, వరంగల్ స్టేషన్ దగ్గర ఐసుబండి మీద తప్ప ఎక్కడా చూసిన పాపాన పోలేదు. అయినా గడ్డకట్టిన చేపను పెచ్చులుగా చెక్కి పచ్చిగా ఎలా తినాలో, చలికాలానికి క్యాబేజీ ఎలా పులియబెట్టుకోవాలో హన్మకొండ కాలేజీలో చెమటలు కక్కుతూ గంటలకొద్దీ చెప్పగలడు. వినేవాడు దొరకాలి గానీ.

కొత్తవాడలోని ఇంట్లో తల్లి రాజవ్వ మగ్గం నేస్తుంది. జొన్నపిండి గంజి కాచి, కాస్త కొబ్బరినూనె వేసి, రెండు రోజులు పులియనిచ్చి, నూలు గట్టిపడేందుకు పడుగు దారాలకు పట్టిస్తుంది. ఆ వాసన తన పుస్తకాలకు ఎక్కడ పడుతుందోనని కొడుక్కి నామోషీ. కుండ మీద మూత తీయనిచ్చేవాడు కాదు.

1981 ఎండాకాలంలో అతని సిద్ధాంత గ్రంథం పరీక్షకుడు కిషన్ రావు హైదరాబాదు నుంచి దిగాడు. ఆయన సంతకం పెడితేనే పట్టా, పట్టా ఉంటేనే ఉద్యోగం. లేకపోతే జూన్ నుంచి లక్ష్మీనర్సయ్య ఇంటికే. కిషన్ రావు ఎప్పుడో పన్నెండు రోజులు ఆ చలిదేశం తిరిగొచ్చాడు. ఆ పన్నెండు రోజుల ముచ్చట్లనే పదిహేనేళ్లుగా నంజుకుంటున్నాడు.

"నాలుగో అధ్యాయంల క్వాస్ అని రొట్టె పులియబెట్టిన పానీయం గురించి రాసినవ్. నేను అక్కడ కడుపునిండ తాగినోణ్ని. ఆదివారం నీ ఇంటికొస్త, రుచి చూపియ్. సంతకం అక్కడనే పెడత."

లక్ష్మీనర్సయ్య బేకరీ రొట్టెను మాడ్చి కుండలో నానేసి, చల్లగా ఉంటుందని మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంతలో గంజికుండ పక్కన దాచాడు.

ఆదివారం పొద్దున్నే కిషన్ రావు వచ్చి కూర్చున్నాడు. లక్ష్మీనర్సయ్య కుండ తెమ్మంటే అతని భార్య అనసూర్య గుంతలో ఉన్న ఒక్క కుండనూ తెచ్చి గ్లాసుల్లో పోసింది. మొదటి గుటకకే లక్ష్మీనర్సయ్యకు తెలిసిపోయింది. అది అమ్మ గంజి. సంతకం కోసం ఆ గుటక మింగేశాడు.

కిషన్ రావు కళ్లు మూసుకుని చప్పరించాడు. "ఇదే. అచ్చం ఇదే. ఈ జిడ్డు సుత అక్కడిదే."

క్వాస్ గోధుమరంగులో ఉంటుందని నాలుగో అధ్యాయంలోనే ఉంది. గ్లాసులోది తెల్లగా ఉంది. అంటే పెద్దమనిషి అక్కడ తాగనూ లేదు, ఇక్కడ చదవనూ లేదు. రెండో గ్లాసు కూడా తాగి సంతకం పెట్టేశాడు.

అప్పుడే రాజవ్వ వీధిలోంచి వచ్చింది. "నా గంజికుండ ఏది బిడ్డా? పడుగు సాపి పెట్టిన, ఎండ ముదురుతాంది. నీ రొట్టెకుండల పురుగులు లేస్తే నిన్ననే మోరీల పారవోసిన."

కిషన్ రావు మీసాలకు అంటిన గంజి అప్పటికే ఆరి బిర్రబిగుసుకుంది. సంతకం కొట్టేయాలంటే తను క్వాస్ తాగిన ముచ్చట కూడా కొట్టేసుకోవాలి. లక్ష్మీనర్సయ్య వైపు తిరిగాడు.

"ఒక వాక్యం కలుపు. అక్కడి జనం దీన్ని నూలుకు సుత పట్టిస్తరని."

లక్ష్మీనర్సయ్య రాసుకున్నాడు. రాస్తుంటే సిగ్గుతో చెవులు కాలాయి. ఇన్నేళ్లూ మూత పెట్టించిన కుండే తన కొలువు నిలబెట్టింది.

కిషన్ రావు ఎక్కిన రిక్షా మలుపు తిరిగాక రాజవ్వ ఖాళీ కుండ కొడుకు ముందు పెట్టింది. "పట్టా అచ్చిందట, మంచిది. మీరిద్దరు తాగింది నా పడుగు గంజి. ఇగ పొయ్యి ముట్టియ్యి."

తిండి చరిత్ర పండితుడు చొక్కా విప్పి, మరుగుతున్న నీళ్లలో జొన్నపిండి ఒక్కసారే గుమ్మరించాడు. అంతా ఉండలు కట్టింది. రాజవ్వ అతని చేతిలోని గరిటె లాక్కుంది.