లేని పిల్లి

తోముతుంటే కప్పు చేజారి సింకులో పడి రెండు ముక్కలైంది. అది లెక్కల మాస్టారైన భర్త కప్పు. ఆయన ఇంకా స్నానాల గదిలోనే ఉన్నాడు, నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. ఆమె ముక్కల్ని పాత పేపర్లో చుట్టి పిండి డబ్బా వెనక్కి తోసేసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె చేతులకు బాగా అలవాటైన పని అదే. మాడిన గిన్నెను ఎవరూ చూడకముందే తెల్లగా రుద్దెయ్యడం, ఉప్పెక్కువైన కూరలో గబగబా నీళ్ళు పొయ్యడం.

"అవి చేతులా, చేటలా?" అనేది అత్తగారు బతికున్నన్నాళ్ళూ. మాస్టారు అలా అరవడు. "నీకు ధ్యాస లేదు, ఇక రాదు" అని తీర్పు చదివినట్టు చెప్పి పేపరు తిప్పేస్తాడు. బళ్ళో తప్పు చేసిన పిల్లల చేత అదే లెక్క వందసార్లు రాయిస్తాడు. తనే బోర్డు మీద తప్పేస్తే మాత్రం, "మీరు చూస్తున్నారో లేదోనని కావాలనే వేశాను" అంటాడు. ఆ ముచ్చట ఇంటికొచ్చి చెప్పి తనే నవ్వుతాడు. ఆమె కూడా నవ్వుతుంది. నవ్వకపోతే అదో తప్పు.

కూతురు ఆరేళ్ళ వయసులో ఆయన కళ్ళద్దాలు తొక్కి విరగ్గొట్టింది. గజగజ వణుకుతున్న పిల్లను ఒళ్ళోకి లాక్కుని, "ఏం కాదు బుజ్జీ, పిల్లి పడేసిందని చెబుదాం" అంది తను. ఇంట్లో పిల్లే లేదు. కిటికీలోంచి వచ్చి పోయిందని చెప్పాలని తల్లీకూతుళ్ళు అనుకున్నారు. అప్పట్నుంచీ ఆ లేని పిల్లి ఈ ఇంట్లో చాలా పనులే చేసింది. పాలు ఒలకబోసింది, తక్కువ మార్కులొచ్చిన కాగితం చింపేసింది. చొక్కా మీద ఇస్త్రీ మచ్చ మాత్రం పాపం దాని వల్ల కాలేదు. అది ఆమె నెత్తిమీదే పడింది.

వీధి తలుపు చప్పుడైంది. రాత్రి డ్యూటీ దిగి కూతురు వచ్చింది. ఆసుపత్రిలో నర్సుగా చేరి ఏడాదన్నా కాలేదు. చెప్పులు కూడా విప్పకుండా నేరుగా సింకు దగ్గరికొచ్చి చేతులు కడుక్కుంది. తుడుచుకుంది. మళ్ళీ కడుక్కుంది.

"ఏమైందే?"

"ఏం లేదమ్మా."

ఆ "ఏం లేదు" ఎక్కణ్ణుంచి పుడుతుందో ఆమెకు తెలియనిదా? కుళాయి కట్టేసి కూతురి చేతులు పట్టుకుంది. అవి మంచులా ఉన్నాయి.

"ఒకళ్ళకి వెయ్యాల్సిన ఇన్సులిన్ ఇంకొకళ్ళకి వేశాననుకుంటానమ్మా. మా వార్డులో అందర్నీ మంచం నంబరుతోనే పిలుస్తాం. సూది వేసే ముందు పేరడగాలని రూలుంది, ఎవరడుగుతారు? ఏడో నంబరు ముసలమ్మ గాలాడట్లేదని కిటికీ పక్క మంచానికి మారిందట. ఆ మంచంలో ఆవిడ ఏడో నంబరుకొచ్చి పడుకుందట. దుప్పటి ముఖమ్మీదికి కప్పుకుని ఉంది. నేను డ్యూటీ దిగేముందు నంబరు చూసి వేసేశాను. మంచాల సంగతి వచ్చేటప్పుడు ఆయా చెప్పింది, నా బుర్రకెక్కలా. బస్సులో కూచున్నాక గుర్తొచ్చింది. ఆ చెయ్యి ముసలి చెయ్యి కాదమ్మా."

"వేస్తే ఏమవుతుంది?"

"షుగరు జబ్బు లేని మనిషికి ఒంట్లో ఉన్న షుగరు కాస్తా పడిపోతుంది. నిద్రపోతున్నట్టే ఉంటుంది. అందరూ నిద్రే అనుకుంటారు."

మాస్టారు తల తుడుచుకుంటూ గుమ్మంలోనే అంతా విన్నాడు. "ఫోన్లూ గీన్లూ చెయ్యకు. నువ్వు వేస్తుంటే ఎవరు చూశారు? డ్యూటీ మారింది, ఇప్పుడున్నవాళ్ళు చూసుకుంటారు. నోరు విప్పావంటే ఉద్యోగం ఊడుతుంది, పైన కేసు." తర్వాత భార్యవైపు తిరిగాడు. "ఈ ధ్యాసలేనితనం ఎవరి పోలికో వేరే చెప్పాలా?"

కూతురు తండ్రిని చూడలేదు. తల్లినే చూసింది. అవే ఆరేళ్ళ కళ్ళు. పిల్లి కోసం చూస్తున్నాయి.

ఆమెకు గుమ్మంలో పోలీసులు, వీధిలో గుసగుసలు, మూలన ముడుచుకున్న కూతురు అన్నీ ఒక్కసారే కనబడ్డాయి. ఆమెకు భయాలు కొత్త కాదు. పిల్ల దగ్గితే క్షయ అనుకునే మనిషి. కానీ ఇన్నేళ్ళూ ఆమె పడ్డ భయాలన్నిటి అడుగునా ఉన్నది ఒకటే, ఎవరికైనా తెలిసిపోతుందేమోనని. ఇప్పుడు మొదటిసారి, ఎవరికీ తెలియకపోతేనో అని భయమేసింది. దుప్పటి కింద ఎవరి కూతురో, ఎవరి తల్లో. పక్కనే మనుషులు తిరుగుతూ ఉంటారు. అయ్యో, హాయిగా నిద్రపోతోంది అనుకుంటారు.

"ఫోన్ చెయ్ బుజ్జీ."

"ఏమే, మతిపోయిందా?"

"నన్ను తర్వాత తిడుదురుగానీ లెండి. చెయ్యవే!"

కూతురి వేళ్ళు తడబడుతుంటే ఫోను కింద తన అరచెయ్యి పెట్టింది. స్పీకర్లో హెడ్ నర్సు గొంతు వినిపించింది. కూతురు ఏడుస్తూనే చెప్పింది. "ఎంత వేశావు? ఎంతసేపైంది?" అంతే అడిగింది అవతల. ఫోను కట్టెయ్యలేదు. పరుగులు, మంచం ఈడ్చిన చప్పుడు. "అమ్మా, లేవండి. మీ పేరేంటి? పేరు చెప్పండమ్మా, పేరు!"

జవాబు లేదు. పక్కన ఎవరో గ్లూకోజు, గ్లూకోజు అంటున్నారు. మళ్ళీ పేరడిగారు. మళ్ళీ అడిగారు. చాలాసేపటికి, నీళ్ళ అడుగునుంచి వచ్చినట్టు ముద్దముద్దగా ఒక గొంతు ఏదో అంది. ఆమెకు సరిగ్గా వినబడలేదు. కానీ అది పేరే, నంబరు కాదు.

"చెమటలు పట్టేసి ఉందమ్మాయ్. ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో," అంది హెడ్ నర్సు ఆయాసపడుతూ. "మంచాలు మారాయని నాకూ ఎవరూ చెప్పలేదు. రేపు వచ్చెయ్, అసలిది ఎలా జరిగిందో అందరం కూచుని చూడాలి."

"నా ఉద్యోగం మేడమ్?"

"అది నా చేతిలో లేదు. వచ్చెయ్ ముందు."

తప్పు జరిగితే 'నీకు బుద్ధుందా' అనకుండా 'ఎలా జరిగింది' అనేవాళ్ళు కూడా ఉంటారా? రేపు ఏమవుతుందో. కూతురు ఆమె భుజం మీద తల పెట్టి వెక్కుతోంది.

మాస్టారు బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూచున్నాడు. "అయ్యిందా మీ నిర్వాకం? కాఫీ అన్నా ఇస్తావా? నా కప్పేది?"

ఆమె పిండి డబ్బా వెనకనుంచి పొట్లం తీసింది. తెచ్చి ఆయన ముందు పెట్టి విప్పింది.

"ఈ ఇంట్లో పిల్లి ఎప్పుడూ లేదండీ," అంది. "నేనే పగలగొట్టాను. ఎలా పగిలిందో అడగండి, చెబుతాను."