హనుమమ్మ ఫోల్డర్

మా ఇంటికి కంప్యూటర్ వచ్చిన నాటినుంచి వాకిలి గ్రిల్లుకు తాళం పడుతోంది. పొద్దున ఎనిమిదింటికి మా ఆయన కేతేపల్లి బడికి పోతూ వేస్తారు, సాయంత్రం ఆరింటికి వచ్చి తీస్తారు. దొంగల భయం. దొంగలు ఎత్తుకుపోదగ్గ వస్తువు ఇంట్లో అదొక్కటే అని ఆయన నమ్మకం. నేను ఆ వస్తువుకు తోడుగా లోపల ఉంటాను. చెడ్డ మనిషి కాదు. తాళాన్ని రెండుసార్లు లాగి చూసి, "జర పైలం" అని చెప్పి మరీ పోతారు.

ఆ రోజు నా దరఖాస్తుకు ఆఖరి రోజు. నల్గొండలోనే కొత్తగా పెట్టిన మహిళా శిక్షణ కేంద్రంలో కంప్యూటర్ నేర్పే ఉద్యోగం. చేతిరాత పనికిరాదు, టైపు మిషన్ పనికిరాదు, అభ్యర్థి స్వయంగా కంప్యూటర్‌లో తయారుచేసి ప్రింటు తీసిందే కావాలని షరతు. ఐదులోపు అందాలి. ఆయనకు చెప్పలేదు. అంతకుముందు ఒకసారి మాటవరసకు అంటే, "ఇంట్ల కంప్యూటర్ ఉండంగ ఇంకో కంప్యూటర్ కాడికి పోవుడెందుకు" అన్నారు.

దరఖాస్తు ముందురోజే టైపు చేసి పెట్టాను. కొత్త ప్రింటర్‌కు తీగలు తగిలించి, దానితో వచ్చిన సీడీ పెట్టాను. కొంతదూరం బాగానే నడిచింది. తర్వాత తెరమీద చిన్న పెట్టె ఒకటి తెరుచుకుంది: విండోస్ 98 సీడీ పెట్టి ఓకే నొక్కండి.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ సీడీ ఇంట్లోనే ఉంది. కంప్యూటర్ వచ్చిన రోజు, చూడ్డానికి ఊరినుంచి వచ్చిన మా అత్తయ్య సావిత్రమ్మ పెట్టెకు, తెరకు, కీబోర్డుకు పసుపు కుంకుమలు పెట్టి, సీడీకి కూడా మెరిసే వైపు చూసి ఐదు బొట్లు పెట్టింది. మొహం అదే అనుకుంది పాపం. బొట్లతో అది చదవనంటే, నేను పీచూ బూడిదా తీసుకుని ఇత్తడి చెంబును తోమినట్టు తోమాను. తళతళలాడింది. ఆనాటినుంచి దానికి మాట లేదు. తోమింది డిగ్రీ చదివిన చెయ్యి.

ఓకే నొక్కాను. ఫలానా ఫైలు దొరకలేదు, దాటిపొమ్మంటావా అంది. దాటిపొమ్మన్నాను. ఇంకో ఫైలు పేరు చెప్పి మళ్లీ సీడీ అడిగింది. అన్నీ దాటించాక చూస్తే ప్రింటర్ కదలలేదు. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను. అదే పెట్టె. అప్పటికి పన్నెండున్నర. రోజూ రెండింటికి కరెంటు పోతుంది, ఆరుదాకా రాదు.

కంప్యూటర్ బిగించిన లింగస్వామి దుకాణానికి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది.

ఇంతలో పక్కింటి సకీనా వచ్చి గ్రిల్లు అవతల నిలబడింది. బట్టలు కుడుతుంది. దరఖాస్తు పట్టుకెళ్లి ఇచ్చి వస్తానని మాటిచ్చింది.

"అయ్యిందా అక్కా?"

"సీడీ అడుగుతాంది."

"ఇయ్యరాదు మరి."

"తోమిన."

"అది నిన్ను ఇడువది, నువ్వు గీ గ్రిల్లు ఇడువవు. మంచిగ దొరికిన్రు ఒకలకొకలు."

"నీ నవ్వులాటకేం గాని, లింగస్వామి దుకాన్ల ఉన్నడేమో జర చూసి రా."

పోయి అరగంటకు వచ్చింది. "దుకాన్ బంద్ ఉంది. హుజూర్‌నగర్ పోయిండంట. రేపొస్తడు."

"రేపు ఆయనతోని నాకేం పని?"

ఇక చేసేదేమీ లేక కంప్యూటర్‌లో ఉన్న ఫోల్డర్లన్నీ ఒక్కొక్కటే తెరవసాగాను. ఒకటి ఎన్నడూ తెరవనిది తగిలింది. ఇంగ్లీషు అక్షరాల్లో హనుమమ్మ అని పేరు. అది వైరస్, ముట్టొద్దని మా ఆయన ఆజ్ఞ.

"సకీనా, హనుమమ్మ అంటే ఎవరన్న ఎరుకేనా?"

"గాజులమ్మే హనుమమ్మనా? లింగస్వామి తల్లి."

"ఆమె మా కంప్యూటర్ల ఎందుకుంది?"

"నీదాంట్లనే కాదక్కా, గాయిన బిగించిన ప్రతిదాంట్ల ఉంటదంట. మా మరిది షరీఫ్ గా దుకాన్లనే పనిజేసిండు గదా, చెప్పిండు. సీడీ మొత్తం లోపటికి నకలు దించి తల్లి పేరు పెడ్తడంట. వేరే పేరు పెడితే పనికిరాని సామానని గిరాకీలు తుడిచేస్తున్నరంట. తల్లి పేరైతే ఎవ్వలు తుడువరని."

"గీ ముచ్చట వచ్చినప్పుడే చెప్తే నీదేం పోయింది?"

"నువ్వు సీడీ తోమిన అన్నవ్. హనుమమ్మ అన్లే గదా."

తెరిచాను. వైరస్ ఏదీ మీదికి దూకలేదు. నేను తోమేసిన ఫైళ్లన్నీ అందులో వరసగా ఉన్నాయి. మళ్లీ ప్రింటర్ సీడీ, మళ్లీ అదే పెట్టె. ఓకే నొక్కి, దొరకలేదన్నాక ఈసారి కిందికి చూశాను. ఫైళ్లు ఎక్కడినుంచి తెచ్చుకోవాలో రాసే గడి ఒకటి ఉంది. పొద్దటినుంచీ అక్కడే ఉంది. అందులో సీడీ ఉండే డి డ్రైవ్ పేరు తుడిచి, సి డ్రైవ్, హనుమమ్మ అని కొట్టాను. ఇంకో మాట అడగలేదు. నీలం గీత నిండుతూ పోయింది.

రెండుకు ఏడు నిమిషాలు ఉందనగా ప్రింటర్ గురగురమని కాగితం లాక్కుంది. సంతకం పెట్టి, సిరా ఆరేదాకా విసనకర్రతో విసిరి, గ్రిల్లు సందులోంచి ఇచ్చాను. మడవొద్దంటే సకీనా దాన్ని కొలతలు రాసుకునే కుట్టుపుస్తకంలో పెట్టుకుని పోయింది. కాసేపటికి ఫ్యాన్ ఆగింది.

నాలుగింటికి రసీదుతో తిరిగొచ్చింది.

"ఆమెనే ఎందుకు రాలేదని గుమాస్త అడిగిండు."

"నువ్వేమన్నవ్?"

"తీరిక లేదన్న."

"మంచిగన్నవ్."

"ఇంటర్వ్యూ ఇరవై రెండో తారీఖంట, పదకొండు గంటలకు. దానికి మాత్రం నువ్వే రావాల్నంట."

క్యాలెండర్ చూశాను. గురువారం. బడి ఉన్న రోజు. తాళంచెవి ఆయన చొక్కా జేబులో ఉంటుంది. స్నానానికి పోయినప్పుడు చొక్కా కొక్కేనికి ఉంటుంది. స్నానం పది నిమిషాలు.

"సకీనా, తాళంచెవులు చేసే పీర్ మహమ్మద్ మీకేమైతడు?"

"మా చిన్నమామ. ఎందుకక్కా?"

"చెవే తెచ్చియ్యాల్నా, సబ్బు మీద అచ్చు తీసిచ్చినా చేస్తడా?"

సకీనా నవ్వలేదు. వీధికి అటూ ఇటూ చూసి, గ్రిల్లుకు దగ్గరగా జరిగింది.

"ఒంటి సబ్బైతే మెత్తగుంటదక్కా," అంది. "బట్టల సబ్బు మీద తియ్యి."