తొట్టెలలో ఆరేళ్ల పిల్ల

ఎనభై ఏడు ఎండాకాలంలో కొడుకు పుట్టాడని కబురు రాగానే గంగాదాస్ ఆర్మూర్ పసుపు మార్కెట్ అంతా పేడాలు పంచాడు. పెయింటర్ అజీజ్‌ను పిలిపించి ట్రాక్టర్ ట్రాలీ వెనక పలక మీద 'విక్రమసింహ' అని రాయించాడు. జాగా చాలక చివరి అక్షరం టైరు వైపు వంగింది.

అదే పలక మీద కూతురి పేరు ఏనాడూ ఎక్కలేదు. రాయించుకునే పేరు కాదది. ఆ పిల్ల పుట్టినప్పుడు మేనత్త భీమవ్వ తొట్టెలలోకి వంగి, ఆడపిల్లలు ఇక చాలన్నట్టు, 'సాలవ్వ' అని చెవిలో వేసింది. మొదటి కాన్పుకే ఆమెకంత విసుగొచ్చింది మరి.

జూన్‌లో పిల్లను బడిలో చేర్చాలి. ఆ పేరు బడికెక్కితే ఇక దిగదని తల్లి ముత్తెమ్మ భయం. మార్చమని ఆరేళ్లుగా బతిమాలుతుంటే, అక్కకు కోపం వస్తుందని గంగాదాస్ తప్పించుకునేవాడు.

పోచంపాడ్‌లోని పుట్టింటి నుంచి పసివాడితో దిగగానే ముత్తెమ్మ కథ అల్లింది. అక్కడొక సోదమ్మ చెప్పిందట, అక్క పేరుకు తమ్ముడి పేరు జోడు కుదరకపోతే మగపిల్లాడు నిలవడని. సోదమ్మా లేదు, సోదీ లేదు. కానీ కొడుకు మాట వినగానే గంగాదాస్ బుర్ర పనిచేయడం మానేసింది.

సాలవ్వకు జోడు పేరేమిటని మార్కెట్లో అడిగాడు. హమాలీలు పడీ పడీ నవ్వి 'సాలన్న' అన్నారు. కాంటా వేసే లచ్చన్న మాత్రం గంభీరంగా, ఆ పిలుపు విని దేవుడు నిజమనుకుంటే ఇక నీకేమీ ఇవ్వడేమో అన్నాడు. గంగాదాస్‌కు ఆ పూట అన్నం సయించలేదు.

తొట్టెలలో వేసి పేరు పెట్టే రోజు భీమవ్వ వేల్పూర్ నుంచి వెండి మొలతాడుతో వచ్చింది. సంగతి విని, తాను వేసిన పేరు వాపసు తీసుకునేది లేదంది.

"ఫికర్ లేదు వదినె," అంది ముత్తెమ్మ తల వంచుకునే. "వీనికి నీ నోటితోనే సాలన్న అని పెట్టు. నీ తమ్మునికి గీ ఒక్క కొడుకు సాలు."

చుట్టాలంతా భీమవ్వ వైపు తిరిగారు. గంగాదాస్ అక్క కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. చివరికి ఆమే దిగొచ్చి, తొట్టెలలో వేసిన పేరు తొట్టెలలోనే తీయాలంది.

కొడుకును దింపి కూతుర్ని ఎక్కించారు. కాళ్లు బయటికి వేలాడాయి, దూలం కిర్రుమంది. భీమవ్వ వంగి, ఏం పేరు వేయాలని గొణిగింది. ఆ సంగతి ఎవరూ ఆలోచించనే లేదు.

"ప్రవీణ," అంది పిల్ల. ఎన్నాళ్లుగా దాచుకుందో.

జోడు కుదరాలి గనుక పిల్లాడు ప్రవీణ్ అయ్యాడు. వాకిట్లో అజీజ్ విక్రమసింహ మీద పూత పూసి, పెద్దదాని పేరు పైనా, చిన్నోడిది కిందా రాయడానికి కొలతలు తీశాడు.

భోజనాల దగ్గర భీమవ్వ, "సాలూ, జర నీళ్లు తే," అంది. పిల్ల కదల్లేదు. మళ్లీ పిలిచింది. ముత్తెమ్మ వడ్డన ఆపలేదు. గొంతుకు గారె అడ్డం పడి మేనత్త కళ్లు తేలేసింది.

"ప్రవీణా..."

చెంబు అప్పటికే పిల్ల చేతిలో ఉంది.